సంఘం కొలిచిన చెయ్యి

హిందీ మాట్లాడే మా ఉక్కు ఊళ్ళో, మాంగో పేటలో వంతెన దిగాక ఎడమవైపున్న పెట్రోలు బంకులో పనిచేసే డార్కస్ అనే మహిళ చేతినొప్పిని సంబంధిత అధికారులు లాంఛనంగా గుర్తించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. గుర్తించడానికి ఏడాదిన్నర పట్టింది. మన వ్యవస్థలు నత్తనడక నడుస్తాయని గొణిగేవారికి ఇది చెంపపెట్టు. ఆ బంకులో పదకొండేళ్ళుగా పెట్రోలు పోయించుకుంటున్నవాణ్ణి కనుక జరిగింది జరిగినట్టు చెప్పే అర్హత నాకుందని మనవి.

డార్కస్‌కి ముప్పై తొమ్మిదేళ్ళు. టెక్కలి దగ్గరి పల్లె నుంచి ఆమె తాత ఉక్కు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమెది రెండో నంబరు పంపు, అంటే మోటారు సైకిళ్ళ పంపు. కారుకైతే నాజిల్‌ని ట్యాంకులో దోపి, మీటకి కొక్కెం తగిలించి, చేతులు కట్టుకుని నిలబడవచ్చు. మోటారు సైకిలుకి ఆ వైభవం లేదు. ట్యాంకు చిన్నది, పోసేది కొంచెం, పొంగితే గొడవ పెద్దది. మీట నొక్కిపట్టాలి, వదలాలి, చివర్లో చుక్కచుక్కగా మళ్ళీ నొక్కాలి. ట్యాంకు నిండా పోయించుకునే మోటారు సైకిలు యజమాని మన ఊళ్ళో ఇంకా పుట్టలేదు కనుక ప్రతివాడూ మూడు రోజులకోసారి ప్రత్యక్షమవుతాడు. షిఫ్టుకి నాలుగు వందల బళ్ళు. ఆ మీట వెనక స్ప్రింగుని తయారుచేసినవాడెవడో గాని, జన్మలో ఎవరికీ లొంగని మనిషై ఉండాలి.

మొదట రెండు వేళ్ళు తిమ్మిరెక్కాయి. తరువాత మణికట్టు వాచింది. తడిబట్టలు పిండడం కూతురు రజనికి అప్పగించింది. కుక్కరు మూత తియ్యడమూ రజనికే పోయింది. పదిహేనేళ్ళుగా చర్చిలో పాటల వేళ తాను వాయించే కంజీరాని ఒక ఆదివారం పక్కావిడ ఒళ్ళో పెట్టేసింది.

"మమ్మీ, నౌకరీ ఛోడ్ దో నా," అంది రజని.

"వదిలేత్తే నీ కాలేజీ ఏటవుతాది?" అంది డార్కస్. రజని కుక్కరు మూత తీసి పక్కన పెట్టింది.

డాక్టరు కుడిచేతికి విశ్రాంతి ఇమ్మన్నాడు. ఆమె వైద్యుల మాట జవదాటే మనిషి కాదు. ఎడమచేత్తో నొక్కడం మొదలుపెట్టింది. నెల తిరక్కుండా రెండు చేతుల మధ్యా సంపూర్ణ సమానత్వం ఏర్పడింది.

బంకు యజమాని నాగేంద్రబాబు జాలిగుండె మనిషి. ఆమె గోడు చివరిదాకా విన్నాడు. "నాకు తెలీదేటమ్మా? ఫోను పట్టుకుని పట్టుకుని నా బొటనేలూ ఇలాగే లాగేత్తంది," అని తన వేలు చూపించాడు. ఇద్దరూ కాసేపు ఆయన బొటనవేలిని చూశారు. తరువాత ఆయన సొరుగులోంచి ఒక చిన్న బాము డబ్బా తీసి ఇచ్చి, "ఇంతకీ బళ్ళ వరస పెరిగిపోతంది, కొద్దిగా సెయ్యి సురుగ్గా ఆడించు. నీకు కుదరదంటే మరి గట్టి సెయ్యున్నోళ్ళని సూసుకోవాల," అన్నాడు. మందూ హెచ్చరికా ఒకే చేత్తో ఇవ్వగలగడం పరిపాలనా దక్షత.

కథ ఇక్కడే ముగిసిపోయేది. కాని ఎబెనేజర్ స్కూటర్‌లో పెట్రోలు అయిపోయింది.

ఎబెనేజర్ ఆమెకి వరసకి చిన్నాన్న. లారీల ఫ్యాక్టరీలో పనిముట్లు తయారుచేసే విభాగంలో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరై, ఫ్యాక్టరీవారి టెల్కో కాలనీ క్వార్టరు ఖాళీ చేసి మాంగోలో రెండు గదుల ఇంట్లోకి దిగాడు. తక్కువ మాటల మనిషి. ఆ రోజు స్కూటర్‌లో పెట్రోలు పోయించుకున్నాక వెళ్ళలేదు. పక్కన గాలి కొట్టే చోట నిలబడి, డార్కస్ వరుసగా ముప్పై బళ్ళకి పొయ్యడం చూశాడు. తరువాత దగ్గరికొచ్చాడు.

"ఏ ఏలు నొప్పెడతందమ్మా?"

"నడిమేలు, ఉంగరపేలు. మజ్జానానికి మణికట్టు కాడికొచ్చేత్తాది."

"ఇన్నాళ్ళూ ఎవులికీ సెప్పనేదేటి?"

"అందరికీ సెప్పినాను చిన్నాన్నా. ఏ ఏలని ఎవులూ అడగనేదు."

ఎబెనేజర్ పాత ఇనుము కొట్లో ఒక చచ్చిపోయిన నాజిల్ సంపాదించి ఇంటికి పట్టుకుపోయాడు. ఆకురాయితో పది రోజులు అరగదీశాడు. చివరికి జానెడు ఇత్తడి మీట ఒకటి తయారైంది. అసలు మీటమీద క్లిప్పులాగా కూర్చుంటుంది. రెండు వేళ్ళతో లాగనక్కర్లేదు, అరచేతి బరువు ఆన్చితే చాలు. నిప్పురవ్వ రాకూడదని ఇత్తడి వాడాడు. జారకూడదని సైకిలు ట్యూబు చుట్టాడు. ఖర్చు గురించి అడిగితే, ట్యూబు తన సైకిలుదే అన్నాడు.

డార్కస్ దాన్ని తగిలించి మొదటి బండికి పోసింది. రెండో బండికి పోసింది. పదో బండి దగ్గర ఆగి తన చేతిని తానే ఒకసారి చూసుకుంది, అది తనదేనా అన్నట్టు. మూడు వారాల్లో వాపు దిగింది. ఒక సాయంత్రం తువ్వాలు పిండి దండెం మీద ఆరేసింది. రజని చూసి రెండో తువ్వాలు కూడా అందించింది.

మిగిలిన పంపులవాళ్ళు అడిగితే ఎబెనేజర్ మరో మూడు చేశాడు. బంకు ముందు బళ్ళ వరుస కరిగిపోయింది. ముప్పు అక్కడినుంచే వచ్చింది.

మా ఊళ్ళోనే ఉన్న బిష్టుపూర్ పేటలో ఆయిల్ కంపెనీ ప్రాంతీయ కార్యాలయం ఉంది. కంపెనీ పేరు నేను చెప్పను, అది నా ఊహలోంచి పుట్టినదని అనుకున్నా ఫర్వాలేదు. అక్కడి అధికారి గణపతిరావు తనిఖీకి వచ్చి, కారు దిగుతూనే అనుమానంగా చుట్టూ చూశారు.

"వరస ఏదీ?"

"నేదండి," అన్నాడు నాగేంద్రబాబు.

"ఎందుకు లేదు?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పగల బంకు యజమాని దేశంలో లేడు. గణపతిరావు పంపు పంపుకీ తిరిగి నాలుగు ఇత్తడి మీటలూ పట్టుకున్నారు. ఆమోదం లేని అదనపు భాగం, అనధికారిక సౌకర్యం అని రాసి, నాలుగింటినీ ఒక సంచీలో వేసి, సీలు వేసి, డార్కస్ చేత సాక్షి సంతకం పెట్టించారు. ఆ సంతకం కాస్త వంకరగా వచ్చింది.

"సార్, అది తీసేత్తే నా సెయ్యి మళ్ళా వాసిపోతాది," అంది డార్కస్.

గణపతిరావు కఠినాత్ములు కారు. ఆ మాటకి ఆయన నిజంగా కదిలిపోయారు. కదిలిపోయిన అధికారి ఒక సంఘం వేస్తాడు. "అమ్మా, మీ నొప్పి మీ ఒక్కరిది కాదు. ఇది జాతీయ స్థాయి నొప్పి. దీన్ని ఇత్తడిముక్కతో నయం చేసి చిన్నబుచ్చకూడదు," అని అక్కడికక్కడే ప్రకటించారు. ఆ విధంగా సులభ నాజిల్ రూపకల్పన సంఘం ఆవిర్భవించింది. సంఘం నివేదిక వచ్చేదాకా యథాతథ స్థితి కొనసాగాలన్నారు. యథాతథ స్థితి అంటే పాత స్ప్రింగు.

సంఘంలో అధ్యక్షులు గణపతిరావుతో కలిపి ఏడుగురు సభ్యులు. నాజిల్ పట్టుకున్న అనుభవం ఉంటే పక్షపాతం వస్తుందని అటువంటివారిని తీసుకోలేదు. అయిదుగురికి డ్రైవర్లున్నారు, ఆరో ఆయనది కరెంటు కారు, ఏడో ఆయన ఎక్కడికీ వెళ్ళరు. తొలి సమావేశం బిష్టుపూర్‌లో ఒక హోటల్లో జరిగింది. డార్కస్‌ని ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిచి, సభ్యులకి పూలగుత్తులు అందించే బాధ్యత అప్పగించారు. ఏడు గుత్తులూ ఎడమచేత్తో ఇచ్చింది. ఇదేం పద్ధతని ఒక సభ్యుడు నొచ్చుకున్నారు.

ప్రామాణిక భారతీయ హస్తం ఎంత ఉంటుందో ముందు తేల్చాలని తీర్మానించారు. హాల్లో అందుబాటులో ఉన్న చేతులు సభ్యులవే గనుక వాటినే కొలిచారు. డార్కస్ చెయ్యి కూడా కొలుద్దామని ఒకరు ప్రతిపాదించారు. చెయ్యి వాచి ఉన్నందువల్ల కొలత నమ్మదగినది కాదని ఆ ప్రతిపాదన వీగిపోయింది. సగటు తీస్తే ప్రామాణిక భారతీయ హస్తం సరిగ్గా గణపతిరావు హస్తమని తేలింది. ఆయన వినయంగా తల వంచారు.

ఎబెనేజర్‌ని కూడా ఒకసారి పిలిచారు. "మీ విద్యార్హత?" అని అడిగారు. "ఆకురాయండి," అన్నాడాయన. ఆ జవాబుని నమోదు చేసుకోలేదు.

తొమ్మిది నెలల తరువాత కొత్త నాజిల్ పుట్టింది. దానికి దీపం ఉంది. అది హిందీలో ధన్యవాదాలు చెబుతుంది. ఎన్నిసార్లు నొక్కారో లెక్కపెట్టి బిష్టుపూర్‌కి పంపుతుంది. ఇన్ని మోయాలి కనుక బరువు పాతదానికి రెట్టింపైంది. ఆ బరువుకి తట్టుకోవాలని స్ప్రింగుని కూడా బలపరిచారు. సులభంగా నొక్కడం ఒక్కటే రెండో విడతకి వాయిదా పడింది.

ఆవిష్కరణకి బంకులో షామియానా వేసి, పై అధికారి ఒకరిని ముఖ్యఅతిథిగా పిలిచారు. నాజిల్ పరిణామక్రమం అనే పేరుతో ఒక బల్లమీద ప్రదర్శన పెట్టారు. మొదట పాతకాలపు చేతిపంపు, తరువాత పాత నాజిల్, ఆ తరువాత సీలు వేసిన సంచీ, దాని ముందు "ప్రాథమిక దశ" అన్న చీటీ. గణపతిరావు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా. చెయ్యి అలిసిపోవడం నిన్నటి మాట. ఈ నాజిల్‌ని పసిపిల్ల కూడా చిటికెనవేలితో నొక్కగలదు. దీని వెనక డార్కస్ గారి కన్నీళ్ళున్నాయి, మా రాత్రింబవళ్ళ మేధోమథనం ఉంది. ఇది నాజిల్ కాదు, శ్రామిక మహిళకి మేము సమర్పించిన గాజు."

చప్పట్లయ్యాక ఒక మోటారు సైకిలు తెచ్చి నిలబెట్టారు. గణపతిరావు ఒకటో పంపుకి బిగించిన కొత్త నాజిల్ నొక్కారు. అది కదలలేదు. రెండు చేతులతో నొక్కారు. నాజిల్ ధన్యవాదాలు చెప్పింది గాని పెట్రోలు రాలేదు. ఒక సభ్యుడు కూడా చెయ్యి కలిపారు. అప్పుడు వచ్చి, ముఖ్యఅతిథి బూట్లు తడిపింది. దీనికి శిక్షణ అవసరమని గణపతిరావు మైకులో వివరించారు. పంపులవాళ్ళ పిడికిళ్ళు బలపడటానికి తలొక రబ్బరు బంతి పంచారు.

ఈలోగా వంతెనదాకా బళ్ళు నిలిచిపోయాయి. హారన్లు మొదలయ్యాయి. నాగేంద్రబాబు పాలిపోయిన ముఖంతో డార్కస్‌ని చూసి, "ఏదోటి సెయ్యమ్మా," అన్నాడు. డార్కస్ రబ్బరు బంతిని ఒక కుర్చీలో పెట్టింది. ప్రదర్శన బల్ల దగ్గరికి నడిచి, సంచీ సీలు పళ్ళతో చింపి, ప్రాథమిక దశని బయటికి తీసింది.

"అది ఎగ్జిబిట్," అన్నారు గణపతిరావు.

"అవునండి. నాదే," అంది డార్కస్.

రెండో పంపు పాత నాజిల్‌కి ఇత్తడి మీట తగిలించి పొయ్యడం మొదలుపెట్టింది. షామియానా వెనకాల ఎబెనేజర్ స్కూటర్‌మీద కూర్చుని చూస్తున్నాడు. గంటలో తొంభై రెండు బళ్ళు వెళ్ళిపోయాయి. ఎవరూ ఆమెని ఆపలేదు. ఆపేవాళ్ళంతా బూట్లు తుడుస్తున్నారు.

మర్నాడు నివేదిక వెలువడింది. ఆవిష్కరణ దినాన కొత్త నాజిల్ రాకతో గంటలో తొంభై రెండు వాహనాలకి ఇంధనం అందించి బంకు రికార్డు సృష్టించిందని అందులో ఉంది. రాకతో అన్నారే గాని దానితో అనలేదు గనుక ఇందులో అసత్యం లేదు. రెండు నెలలపాటు డార్కస్ ఇత్తడి మీటతోనే పనిచేసింది. కొత్త నాజిల్ ఒకటో పంపు దగ్గర అద్దాలపెట్టెలో దీపం వెలిగించుకుని ఉంది. చర్చిలో కంజీరా మళ్ళీ ఆమె చేతికొచ్చింది.

ఆ రోజుల్లోనే నాకొక ఫోను వచ్చింది. మాంగో బంకులో కొత్త నాజిల్ సేవలతో మీరు సంతృప్తి చెందారా, చెందితే అయిదు నొక్కండి, లేకపోతే వివరాలకోసం తొమ్మిది నొక్కి వేచి ఉండండి అంది ఒక గొంతు. కూర వేగుతోంది, గరిట చేతిలో ఉంది. అయిదు నొక్కాను. నాలాటి ఖాతాదారులు నూటికి తొంభై ఎనిమిది మంది అయిదే నొక్కారట. వినియోగదారుల తీర్పు ఇంత స్పష్టంగా ఉన్నాక అధికారులు మాత్రం ఏం చెయ్యగలరు? సోమవారం ఉదయం వ్యాను వచ్చి పాత నాజిళ్ళన్నీ ఊడదీసుకుని, కొత్తవి బిగించి పోయింది. ఇత్తడి మీట కొత్తదానికి పట్టదు. ఎబెనేజర్ కొత్త నాజిల్ కొలతలు తీసుకోవడానికి వెళ్తే, ఆ కొలతలు కంపెనీ రహస్యమన్నారు.

నిన్న వెళ్ళాను. డార్కస్ రెండు చేతులతో నాజిల్ ఎత్తి నా ట్యాంకులో పెట్టింది. మణికట్టుకి గుడ్డ చుట్టుకుని ఉంది. నేను అటు చూడబోతుండగా, నిబంధన ప్రకారం చెప్పవలసిన మాట చెప్పింది.

"జీరో సూసుకోండి బావూ."

మీటరు వైపు తిరిగి చూశాను. సరిగ్గా సున్నాయే ఉంది.