వెనక టైరు తల తిప్పలేదు

చక్రం కనిపెట్టినవాడికి మానవజాతి ఎంతైనా రుణపడి ఉండవచ్చు గానీ, ఆ చక్రంలో గాలి ఎంతుందో చెప్పే యంత్రాన్ని ఎంచుకోవలసిన అవసరం రాకపోవడం వల్లనే అతను ఆ పని పూర్తి చెయ్యగలిగాడని మా ఉపసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఉపసంఘం అంటే మా ఇంటి గాలి పీడన పర్యవేక్షణ ఉపసంఘం. అధ్యక్షులు మా మామగారు. నీటి సరఫరా శాఖలో జీవితమంతా పైపుల ప్రెషరు చూసి రిటైరైన మనిషి (ఆయన హయాంలో రెండో అంతస్తుకు నీళ్ళెక్కిన దాఖలా లేదు). సాంకేతిక సలహాదారు మా బావమరిది. ఏ వస్తువు గురించైనా వీడియోలన్నీ చూస్తాడు, వస్తువు మాత్రం కొనడు. కార్యదర్శిని నేను. బండి యజమానికి సంఘంలో చోటు లేదు. బండి మా ఆవిడది.

ఆవిడ నర్సు. నేను ఎరిగినంతకాలం రాత్రి డ్యూటీయే. శుక్రవారం పొద్దున్నే ఊరి అవతల పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు పోస్టుకి ఇంటర్వ్యూ. వస్తే పగటి డ్యూటీ. అందరిలాగా రాత్రిపూట పడుకోవచ్చు. పాపం, దానికోసం సెలవు పెట్టి, గది తలుపేసుకుని చదువుకుంటోంది. సోమవారం తలుపు సగం తెరిచి ఒకే మాట చెప్పింది.

"ఏమండీ, వెనక టైరు కొంచెం మెత్తబడింది. శుక్రవారంలోగా గాలి కొట్టించి పెట్టండి. అంతే. ఇంకేం చెయ్యకండి."

సందు చివరే పంక్చరు షాపుంది. బండి తోసుకుంటూ వెళ్ళినా టీ చల్లారేలోపు తిరిగి రావచ్చు. కానీ ఆవిడ అన్న "కొంచెం" నన్ను కలవరపెట్టింది. కొంచెం అంటే ఎంత? కట్టుకున్నదాని ప్రాణాన్ని కొంచేనికి వదిలేసే రకాన్ని కాదు నేను. ఆ సాయంత్రమే ఉపసంఘం కొలువుదీరింది.

తీరా చూస్తే ఈ యంత్రాలు రెండు రకాలట. వాల్వు మూత తీసేసి దాని స్థానంలో బిగించేది బయటి రకం. టైరు విప్పి కడుపులో పెట్టేది లోపలి రకం.

"లోపలిదే తీసుకుందాం అల్లుడుగారూ," అన్నారు మామగారు. "లోపలి సంగతి బయట కూర్చున్నవాడికేం తెలుస్తుంది?"

"బయటిదే మంచిది నాన్నా! నాలుగున్నర స్టార్లున్నాయి," అన్నాడు బావమరిది.

"ఆ స్టార్లిచ్చింది ఎవర్రా? బయటివాళ్ళేగా!"

తండ్రీకొడుకులు ఆ పూటంతా మాట్లాడుకోలేదు. నచ్చకపోతే వాపసు తీసుకుంటామని అమ్మేవాళ్ళు అన్నారు గనక చివరికి బయటి రకమే తెప్పించాం. అయితే మామగారు ఒక నిబంధన పెట్టారు. యంత్రం నమ్మదగ్గదని తేలేదాకా గాలి కొట్టించరాదు. కొట్టిస్తే పాత రీడింగు చెడిపోతుంది.

పోల్చి చూడడానికి ఆయన తన పాత గేజి బయటికి తీశారు. వాల్వుకి గేజి నొక్కినప్పుడల్లా టైరు తుస్సుమనేది. చూసిన ప్రతిసారీ అంతకుముందుకన్నా కాస్త తక్కువే చూపించేది.

"చూశారా అల్లుడుగారూ! మనం నిఘా పెట్టబట్టి బయటపడింది గానీ, ఈ టైరు తేడా మనిషి. ఇంకా తరచుగా చూస్తుండాలి," అన్నారాయన.

ఇంకా తరచుగా చూశాం.

బుధవారానికి యంత్రం వచ్చింది. దాని యాప్ మా ఫోన్ నంబరూ, చిరునామా, బంధువుల ఫోటోలూ స్వీకరించి, ఇక టైరు వంతు అంది. ఖాతాదారు బతికున్నట్టు రుజువు కావాలి. కెమెరా ముందు తల కుడికీ ఎడమకీ తిప్పాలి. ముందు టైరు హ్యాండిల్ తిప్పగానే బుద్ధిగా అటూ ఇటూ తిరిగి ఆమోదం పొందింది. వెనక టైరు తల తిప్పలేదు (దాని నిర్మాణమే అంత). "ఖాతాదారు సహకరించడం లేదు" అంటూ యాప్ దాన్ని అనుమానితుల జాబితాలో వేసింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాం.

"మేం ఖాతాదారుతోనే మాట్లాడాలి సార్," అంది అవతలి అమ్మాయి.

"అది టైరమ్మా."

"అర్థమైంది సార్. ఫోన్ వారికివ్వండి. ఒక్కసారి గొంతు వినిపిస్తే చాలు."

నేను ఫోన్ వాల్వు దగ్గర పెట్టాను. మామగారు అగ్గిపుల్లతో పిన్ను నొక్కారు. స్స్‌స్...

"కొంచెం గట్టిగా మాట్లాడమనండి సార్."

మామగారు గట్టిగా నొక్కారు. అమ్మాయి సంతృప్తి చెంది, ధ్రువీకరణ పరిశీలనలో ఉందని చెప్పింది.

గురువారం మా ఆవిడ మంచినీళ్ళ కోసం బయటికొచ్చింది.

"గాలి కొట్టించారా?"

"ప్రక్రియ నడుస్తోంది," అన్నాను.

"ప్రక్రియ కాదండీ, గాలి!"

"నువ్వెళ్ళి చదువుకో అమ్మాయ్. ఇక్కడ ముగ్గురు మగాళ్ళం ఉన్నాం," అన్నారు మామగారు.

"అదే నా భయం నాన్నా," అంటూ లోపలికెళ్ళింది.

శుక్రవారం ఇస్త్రీ బట్టలు కట్టుకుని, సర్టిఫికెట్ల సంచి భుజాన వేసుకుని వచ్చింది. బండి స్టాండు తీసింది. వెనక టైరు నేలకి అతుక్కుపోయింది. పంక్చరు షాపు ఇంకా తెరవలేదు. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. మా ముగ్గురినీ వరసగా చూసింది.

"ఒక్క టైరండీ," అంది. కళ్ళు తుడుచుకుంటూ బస్టాపు వైపు పరుగెత్తింది.

నాకు సిగ్గేసింది. నిజంగానే, తలెత్తలేనంత సిగ్గేసింది (దీన్ని మినిట్స్‌లో రాయలేదు).

బస్సు దిగి ఆవిడ ఆసుపత్రికి చేరేసరికి పేరు పిలవడమూ, పక్కన పెట్టేయడమూ అయిపోయాయి. సరిగ్గా ఆ సమయానికే నా ఫోన్ మోగింది. "అభినందనలు! మీ వెనక టైరు ధ్రువీకరణ పూర్తయింది. గాలి: సున్నా."

మామగారు ఆత్రంగా గేజి పెట్టి చూశారు. ఈసారి తుస్సుమనలేదు.

"సున్నా! రెండూ ఒకటే చెబుతున్నాయి!" అంటూ నన్ను కౌగలించుకున్నారు. బావమరిది అక్కడికక్కడే అయిదు స్టార్లిచ్చాడు. యంత్రం నమ్మదగ్గదని తేలింది గనక ఇక గాలి కొట్టించవచ్చునా అన్న విషయం వచ్చే సమావేశం ముందుకు రానుంది.

మా ఆవిడ రాత్రి డ్యూటీకి ఇప్పుడు బస్సులో వెళ్తోంది. బండి ఇంట్లోనే క్షేమంగా ఉంది. దాని వెనక టైరులో గాలి ఎంత లేదో మాకు నిమిషనిమిషానికీ తెలుస్తోంది.