కుడివైపు జవాబులు

ఆ పొద్దున్న స్టోరుకీపరు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, అద్దం ముందు నిలబడి, ఫ్రెంచి పాఠాలు పన్నెండూ గడగడా అప్పజెప్పుకున్నాడు. డబ్బాలకు మూతలు బిగించే కొత్త మిషను ఫ్యాక్టరీకి వచ్చింది. దాన్ని బిగించడానికి ఫ్రాన్సు నుంచి ఫిట్టరొకడు వచ్చాడు. అతనికి తన భాష తప్ప మరొకటి రాదు. "నాకొచ్చు సార్" అని మేనేజరు ముందు చెయ్యెత్తినవాడు స్టోరుకీపరు ఒక్కడే. ఈ పూట మాట నిలబెట్టుకుంటే సూపర్‌వైజరు కుర్చీ తనదే.

వచ్చుననడం అబద్ధం కాదు. ఆరు నెలలు కష్టపడ్డాడు. పుస్తకంలో ప్రతి పేజీకీ ఎడమవైపు ప్రశ్నలు, కుడివైపు జవాబులు. చిన్నప్పుడు ఆయన చదివిన బడిలో అడగడం మాస్టారి పని, చెప్పడం పిల్లల పని. ఎదురు అడిగితే వీపు చిట్లేది. అందుకని ఎడమవైపంతా భార్యకు అప్పగించాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూ అడిగేది, ఈయన చేతులు కట్టుకొని చెప్పేవాడు. వరస తప్పనంతవరకు ఒక్క అక్షరం పొల్లుపోయేది కాదు.

ఫిట్టరుకు ఆ వరస తెలియదు. మిషను పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, స్పానరుతో లోపలికి చూపిస్తూ, వడగళ్ళు పడ్డట్టు మాట్లాడాడు. స్టోరుకీపరుకు ఒక్క ముక్క అందలేదు. అర్థం కాలేదని ఒప్పుకుందామంటే పక్కనే మేనేజరు. చెవులు వేడెక్కాయి. తడుముకోకుండా వచ్చే పాఠం పన్నెండోది. కళ్ళు మూసుకొని ఆ జవాబులే ఫ్రెంచిలో అందుకున్నాడు: మా మామగారికి ఒంట్లో బాగాలేదండి. మంచం దిగడం లేదు. డాక్టరు నాలుగింటికి వస్తాడు.

ఫిట్టరు స్పానరు కింద పెట్టాడు. టోపీ తీశాడు. స్టోరుకీపరు భుజం మీద చెయ్యి వేసి మెల్లగా ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడయ్యా?" అన్నాడు మేనేజరు.

"నాలుగింటికి... మిషను నడుస్తుందంటున్నాడు సార్."

"శభాష్! ఓనరుగారికి ఫోన్ చేసేస్తానుండు. ఆయనే వచ్చి స్విచ్చి నొక్కుతారు."

స్టోరుకీపరుకు కక్కలేక మింగలేక అయింది. మధ్యాహ్నంలోగా ఫిట్టరు అదే సంగతి మరో రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఈయన మామగారి పరిస్థితి విన్నవించాడు. రెండోసారికి ఫిట్టరు కళ్ళు చెమర్చాయి.

నాలుగు కొట్టింది. మిషను కదల్లేదు. ఫిట్టరు మాత్రం చేతులు కడుక్కొని, స్టోరుకీపరు మోచెయ్యి పట్టుకొని, అప్పుడే వచ్చి ఆగిన ఓనరుగారి కారు దగ్గరికి నడిపించాడు. గడియారం చూపించి తొందరపెట్టాడు.

"ఎక్కడికంటాడు?" అన్నారు ఓనరుగారు.

"మా ఇంటికండి. కాఫీకి."

"సరే, కాఫీ పడితేగాని చెయ్యి ఆడదేమో. పదండి."

మామగారు కూతుర్ని చూడ్డానికి వచ్చి నాలుగు రోజులైంది. ఇంటి ముందు నిచ్చెనెక్కి కిటికీ చెక్కకు మేకులు కొడుతున్నారు. కారు ఆగీ ఆగకముందే స్టోరుకీపరు దూకి పరిగెత్తాడు.

"మావయ్యగారూ, దిగండి! లోపలికెళ్ళి పడుకోండి."

"ఎందుకు అల్లుడుగారూ?"

"జబ్బు."

"అయ్యయ్యో! ఎవరికి?"

"మీకే."

అల్లుడి మాట కాదనడం ఆయనకు అలవాటు లేదు. సుత్తితో సహా దుప్పట్లో దూరారు. ఫిట్టరు మంచం పక్కన కూర్చొని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. వెనకాలే ఓనరుగారూ మేనేజరూ గుమ్మంలో నిలబడ్డారు. వంటింట్లోంచి భార్య పరుగున వచ్చింది.

"నాన్నా, ఏమైంది నీకు?"

"నాకేం తెలుసమ్మా. మీ ఆయన చెప్పలేదింకా."

సుత్తి జారి కింద పడింది. ఆవిడ మొగుడి ముఖం చూసింది, ఫిట్టరు వైపు తిరిగింది. పన్నెండో పాఠం ఎడమవైపు మొదటి ప్రశ్న ఫ్రెంచిలో అడిగింది: "ఏమైందండీ?"

ఫిట్టరు ఆనకట్ట తెగినట్టు మొదలుపెట్టాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి రెండో పాఠంలోది అడిగింది: "కాస్త మెల్లగా చెబుతారా?" తర్వాత ఐదో పాఠంలోది: "బొమ్మ గీసి చూపిస్తారా?" ఫిట్టరు జేబులోంచి కాగితం తీసి, గీస్తూ ఒక్కో మాటే విడదీసి చెప్పాడు.

ఆ మాటలు కూడా పుస్తకంలో ఉన్నాయని స్టోరుకీపరుకు అప్పుడే తెలిసింది. అవి ఆయన వైపువి కావు మరి.

"ఈ నల్ల బెల్టు కావాలిటండీ" అంది భార్య. "పొద్దుట్నుంచీ మూడుసార్లు అడిగారట. మూడుసార్లూ మీరు నాన్న జబ్బే చెప్పారట."

ఓనరుగారు బొమ్మ చూశారు. "ఈ బెల్టు ఎక్కడుంది?"

"స్టోర్లోనండి" అన్నాడు స్టోరుకీపరు, తల ఎత్తకుండా. "రెండో అరలో."

"తాళం?"

తాళంచెవి ఇస్త్రీ చొక్కా జేబులోంచి బయటికి వచ్చింది.

ఐదున్నరకు మిషను నడిచింది. ఫిట్టరుకు ఇంకా పది రోజుల పని ఉంది. ఓనరుగారు ఇందాక ఇంటి దగ్గర స్టోరుకీపరు భార్యతో నాలుగు మాటలు మాట్లాడి మరీ కారెక్కారు. కుర్చీ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇంటికొచ్చిన స్టోరుకీపరు మామగారి ఎదుటికి వెళ్ళలేక పెరట్లోనే నిలబడ్డాడు. భార్య పుస్తకం తెచ్చి చేతికిచ్చింది.

"రేపట్నుంచి ఎడమవైపు మీరు చదవండి."

"మరి నువ్వో?"

"నాకు పొద్దున్నే ఫ్యాక్టరీ కారొస్తుందటగా. కూరగాయలు ఎవరు తరుగుతారు?"

కుడివైపంతా కంఠతా వచ్చిన మనిషి, దీనికి జవాబు ఏ పాఠంలో ఉందోనని పేజీలు తిప్పాడు.