అందరూ గెలిచే ఆట

దివిసీమలోని ఉప్పుతిప్ప గ్రామ తుఫాను షెల్టరు నిర్వహణ కమిటీ వారు, కూర్చుని ఆడే ఆటల్లో ఆనందం ఎక్కడుంటుందన్న ప్రశ్నకు తిరుగులేని జవాబు కనుక్కున్నారని ప్రజలకు తెలియజేయడమైనది. విదేశాల్లో దీని మీద పెద్ద పెద్ద చదువులే ఉన్నాయట. మన కమిటీ ఏ చదువూ చదవకుండా, ఒక గుడ్డ, ఒక పాచిక, నాలుగైదు పావులతో ఫ్యాను కింద కూర్చుని తేల్చేసింది. ఇంతటి ఘనకార్యం ఎలా జరిగిందో పదిమందికీ తెలియాలి కాబట్టి రాస్తున్నాను. కమిటీ వారు నన్ను రాయమనలేదు. రాయొద్దని మాత్రం ఒకటి రెండుసార్లు అన్నారు.

తొంభైల చివరి సంగతి ఇది. బందరులో ఒక స్వచ్ఛంద సంస్థ ఉండేది. దానిలో ప్రాజెక్టు ఆఫీసరు మోహనకృష్ణ. ఆయన బెంగుళూరులో ఏదో శిక్షణకు వెళ్లి, అక్కడ ఇప్పటి కాలపు బోర్డు ఆటలు చూసి, ఆడి, తిరిగొచ్చేసరికి కొత్త మనిషైపోయాడు. తుఫాను జాగ్రత్తల గురించి జాలర్లకు ఉపన్యాసాలు చెబితే నిద్రపోతున్నారు, ఆట రూపంలో చెబితే మేలుకుంటారు అన్నాడు. వెంటనే ఆట తయారైంది. స్థానిక కళను ఆదుకోవాలన్న నియమం ఉండటం వల్ల అట్ట మీద కాకుండా పెడనలో కలంకారీ గుడ్డ మీద అచ్చు వేయించారు. గడుల చుట్టూ లతలు, మూలల్లో నెమళ్లు. నీలిమందుకు బడ్జెట్టు చాలక సముద్రాన్ని ఎర్రగా వేశారు. చాలా అందంగా ఉంది.

ఆట ఇలా సాగుతుంది. ఒక మూల ఊరు, ఇంకో మూల షెల్టరు, మధ్యలో యాభై చిల్లర గడులు. రేడియోలో వార్త విన్నవాడు మూడు గడులు ముందుకు. వల తెచ్చుకుందామని వెనక్కి తిరిగినవాడు మళ్లీ ఊళ్లోకి. గట్టు తెగితే అందరూ ఆగాలి. గుడ్డ ఉప్పుతిప్ప చేరిన రోజున మోహనకృష్ణ షెల్టరు హాల్లో మైకు పట్టుకుని దీని గొప్పతనం వివరించాడు.

"సోదర సోదరీమణులారా! మంచి ఆటకు లక్షణాలేంటి? అందరూ ఒకే గడిలో మొదలుపెట్టాలి. వెనకపడినవాడికి చివరిదాకా ఆశ ఉండాలి. మధ్యలో ఎవర్నీ లేచిపొమ్మనకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ ఆటలో ఒక్కడు గెలవడం అనేది లేదు. ఆఖరి పావు షెల్టరు చేరితేనే అందరూ గెలిచినట్టు. లేకపోతే అందరూ ఓడినట్టు. ఇదీ ఆధునికమైన ఆనందం!"

చప్పట్లు కొట్టారు. కమిటీ అధ్యక్షులు పూర్ణచంద్రరావుగారు కూడా కొట్టారు గానీ, పక్కనున్న కార్యదర్శి నాగభూషణం మాస్టారి చెవిలో, "అందరూ గెలిస్తే ఇంక ఆటేముందండీ?" అన్నారు. రావుగారికి రొయ్యల చెరువులున్నాయి, జీపు ఉంది, అనుభవం ఉంది. మాస్టారు హెడ్‌మాస్టరుగా రిటైరైన మనిషి. ఎవరేమన్నా తలూపడం ఆయనకు సర్వీసులో అలవాటైంది.

మొదటి పది పదిహేను రోజులూ గుడ్డ జాలరి పల్లెవాళ్ల చేతుల్లో ఉంది. ఆ రోజుల్ని కమిటీ వారు ఇప్పటికీ బాధగా తలుచుకుంటారు. చేపల బేరం ముగించుకుని ఆడవాళ్లు షెల్టరు హాలు నేల మీద గుడ్డ పరిచేవారు. పావులు పోతే గవ్వలు పెట్టుకున్నారు. ఒకటే అరుపులు, ఒకటే నవ్వులు. సూరయ్య అని, పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయిన ముసలాయన ఉండేవాడు. సముద్రం మీద నలభై ఏళ్లు తిరిగిన మనిషి మంచానికి అంటుకుపోయాడు. ఆయన్ని నులకమంచంతో సహా మోసుకొచ్చేవారు. ఎడం చేత్తో పాచిక వేసేవాడు. ఏం పడిందో ఆయనకు కనపడేది కాదు. భార్య ముత్యాలమ్మ చెప్పేది. ఆయన గవ్వ ఎప్పుడూ వెనకే ఉండేది. మిగిలినవాళ్లు ముందుకెళ్లగలిగీ వెళ్లకుండా ఆ గవ్వ కోసం కూర్చునేవారు.

"మావయ్యా, ఆరు వెయ్యి. ఆరేస్తే నీతోపాటు మేవూ బయటపడతాం" అని పల్లెలో కోడలి వరసవాళ్లు అరిచేవారు.

"ఆరెయ్యమంటే వేసేత్తానేంటి, సముద్రం చెప్పినట్టు వింటదా?" అనేవాడు సూరయ్య. పాచిక ఆరు పడినప్పుడు మాత్రం ఆయన మొహం చూడాలి. మోహనకృష్ణ చెప్పిన లక్షణాలన్నీ ఆ నేల మీద ఉన్నాయి. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇలాంటి అలజడి ఒక ప్రభుత్వ కట్టడంలో జరగడం కమిటీకి నచ్చలేదు. గుడ్డకు చేపల వాసన పడుతోందనీ, కళాఖండాన్ని కాపాడాల్సిన బాధ్యత ఉందనీ తీర్మానించి, దాన్ని వాళ్ల దగ్గర నుంచి తీసుకున్నారు. హాలు మెట్ల మీద ఉన్న గ్రిల్లు గేటుకు తాళం వేశారు. గుడ్డ చెడిపోకుండా ఉండాలంటే వాడుకలో ఉండాలి కాబట్టి రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక కమిటీ వారే ఆ శ్రమ తీసుకునేవారు.

ఆడిన మొదటి రోజునే ఆటలో లోపాలు బయటపడ్డాయి. అధ్యక్షులవారికి జీపు ఉన్నది గనుక వారి పావు ఊళ్లోంచి కాళ్లీడ్చుకుంటూ బయలుదేరడం వాస్తవ విరుద్ధమని మాస్టారు గుర్తించి, దాన్ని సగం దారి నుంచి మొదలుపెట్టాలని సవరణ రాశారు. ఆ సవరణ రాసినందుకు మాస్టారికి రెండోసారి పాచిక వేసే హక్కు లభించింది. గట్టు తెగితే అందరూ ఆగాలన్న నియమం మీద రెండు రోజులు చర్చ జరిగింది. గట్టు తెగేది పల్లె వైపే గనుక ఆ వైపున్నవాళ్లే ఆగాలని తేలింది. షెల్టరు గడిలోకి ఎవరంటే వాళ్లు వచ్చేస్తే క్రమశిక్షణ ఉండదని, కమిటీ ఇచ్చిన చీటీ ఉన్న పావునే రానివ్వాలన్నారు. చీటీలు అధ్యక్షులవారి జేబులో ఉంటాయి.

ఇన్ని చేసినా ఆటలో పస రాలేదు. జీపులో వచ్చినవాడూ, చీటీ ఉన్నవాడూ అందరూ సుఖంగా షెల్టరు చేరి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడే రావుగారికి ఆ మహత్తర ఆలోచన వచ్చింది. ఎవరూ ఆడని ఒక పావును ఊళ్లో పెట్టారు. దానికి ఊరిపావు అని పేరు. దాని తరఫున పాచిక ఎవరికి తోస్తే వాళ్లు వేస్తారు. అది షెల్టరు దగ్గరకు వచ్చినప్పుడల్లా అందరూ కలిసి వెనక్కి తోస్తారు.

ఇక చూడండి ఆనందం! మాస్టారంతటి పెద్దమనిషి తొడ చరిచి నవ్వడం అప్పుడే చూశాం. చీటీ ఉండీ ఏ ఆనందమూ పొందని మనుషులు, చీటీ లేనిది ఒకటి తలుపు దగ్గర నిలబడేసరికి పొంగిపోయారు. "లోపల ఉన్నామని తెలియాలంటే బయట ఒకడుండాలండీ. ఇంత చిన్న సంగతి ఆ బందరాయనకు తట్టలేదు" అన్నారు రావుగారు. ఆయన కళ్లల్లో నిజంగానే జాలి కనిపించింది.

ఆట ఖ్యాతి కృష్ణ పాయ దాటి వెళ్లింది. గుడివాడలో ఒక రిక్రియేషన్ క్లబ్బు సభ్యులు, దశాబ్దాలుగా పేకముక్కలు తప్ప వేరే ధ్యాస ఎరగనివాళ్లు, ఈ ఆట సంగతి విని స్నేహపూర్వక పోటీకి సిద్ధమయ్యారు. నవంబరులో ఒక ఆదివారం రెండు కార్లలో దిగారు. అదే రోజు ఉదయం బందరు రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు.

పోటీ వాయిదా వేయాలా అన్న ప్రశ్న వచ్చింది. తుఫానును ఎదుర్కోవడమే ఆట విషయం గనుక, తుఫాను రోజున ఆడటం సందర్భోచితమనీ, పైగా కమిటీ సభ్యులు ఎలాగూ షెల్టరులోనే ఉంటారు గనుక ప్రభుత్వ ఆదేశాన్ని ముందుగా పాటించినట్టే అవుతుందనీ మాస్టారు విశదీకరించారు. అతిథుల కోసం కోడిపలావు కూడా హాల్లోకే తెప్పించారు. ఐదు వందల మంది పట్టే హాల్లో తొమ్మిది మంది కూర్చున్నారు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. వాన అడ్డంగా కొట్టడం మొదలైంది. పల్లెవాళ్లు పిల్లల్ని, మూటల్ని, మేకల్ని పట్టుకుని షెల్టరుకొచ్చారు. సూరయ్యను మంచం మీదే తెచ్చి, మోసుకుంటూ మెట్లెక్కించి, గేటు ముందు దించారు. ముత్యాలమ్మ గ్రిల్లు పట్టుకుని అరిచింది. మాస్టారు లేచి వచ్చారు.

"మేస్టారండీ, తాళం తియ్యండి. ముసలోడు తడిసిపోతన్నాడు."

"చీటీ ఏదమ్మా?" అన్నారు మాస్టారు.

ఆయన వేళాకోళానికి అన్నారని కొందరంటారు. కాదు. ఆరు నెలలుగా రోజూ ఆటలో షెల్టరు గడి దగ్గర అదే మాట అంటున్న మనిషి, అలవాటుగా, ఎంతో మర్యాదగా అడిగారు.

"ఏం చీటీ అండీ?"

మాస్టారు ఇబ్బందిగా లోపలికి చూశారు. రావుగారు గుడ్డ మీంచి తలెత్తకుండానే, "ఆట రసపట్టులో ఉందమ్మా. కాసేపు ఆగండి. మీరంతా ఒక్కసారిగా తడిబట్టల్తో లోపలికొస్తే గుడ్డ పాడైపోద్ది. రంగు దిగిందంటే మళ్లీ పెడన పంపాలి" అన్నారు.

"మడిచి పక్కన పెట్టుకోండి బాబూ! గుడ్డే కదండీ!"

"మడిస్తే పావులెక్కడున్నాయో ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాడు గుడివాడ అతిథి ఒకాయన.

మెట్ల మీద పై కప్పు లేదు. ఉన్న ఒకే ఒక్క తాటాకు గొడుగు ఎగిరిపోయింది. పిల్లల్ని కింద, షెల్టరును మోసే స్తంభాల మధ్యకు తోలారు. మంచాన్ని గాలిలో మళ్లీ దింపబోతే మోసేవాళ్ల కాళ్లు జారాయి. దాంతో సూరయ్య అక్కడే ఉండిపోయాడు. ముత్యాలమ్మ ఆయన మీద వంగి, తన వీపుతో వాన కాచింది. లోపల్నుంచి పాచిక చప్పుడు, దాని వెంట నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. ఊరిపావు తలుపు దాకా వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లిందన్నమాట.

ఆ నవ్వు విన్నవాళ్లలో ఎవరూ దాన్ని మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు.

సాయంత్రానికి తుఫాను దిశ మార్చుకుని ఎటో వెళ్లింది. ఆట కూడా ముగిసింది. ఊరిపావును ఎక్కువసార్లు వెనక్కి తోసిన గుడివాడవారే గెలిచారు. రావుగారు స్వయంగా గేటు తీసి, "రండమ్మా రండి, ఇది మీ షెల్టరే!" అని ఆహ్వానించారు. ఆ సమయంలో తీసిన ఫొటో పేపర్లో కూడా పడింది.

సూరయ్యకు జ్వరం పట్టుకుంది. ఆ వారం తిరక్కుండానే పోయాడు. తుఫాను మన దగ్గర తీరం దాటలేదు కాబట్టి అది తుఫాను మరణం కాదని అధికారులు నిర్ణయించారు. మనిషి షెల్టరు మెట్ల మీద ఉన్నాడు కాబట్టి సురక్షిత ప్రాంతానికి చేర్చినట్టే లెక్క అని కూడా అన్నారు. ముత్యాలమ్మ ఎవరి మీదా అరవలేదు. అరవాల్సిందంతా గొంతు పోయేంత గట్టిగా ఆ రోజే గేటు దగ్గర అరిచేసింది.

మోహనకృష్ణ విచారణకు వచ్చాడు. వచ్చినప్పుడు మొహం గంభీరంగానే పెట్టుకున్నాడు. సవరించిన ఆటను ఒకసారి ఆడి చూపించమన్నాడు. చూపించారు. రెండోసారి ఆడదామని ఆయనే అన్నాడు. మూడోసారి ఊరిపావును వెనక్కి తోసినప్పుడు ఆయన నవ్వు అందరికన్నా పెద్దగా వినిపించింది. బందరు వెళ్లాక నివేదిక రాశాడు. అసలు ఆటను పట్నం కుటుంబాల చేత ఆడిస్తే సగంలో లేచిపోతున్నారనీ, ఉప్పుతిప్ప పద్ధతిలో ఆడిస్తే అన్నానికి పిలిచినా లేవడం లేదనీ అందులో ఉంది. ప్రజల అభిరుచే గీటురాయని ముగించాడు.

కొత్త గుడ్డలు అచ్చయ్యాయి. ఈసారి నీలిమందుకు డబ్బులున్నాయి. షెల్టరు గడికి ముందు ఇంకో గడి చేర్చారు. దాని పేరు 'మెట్లు'. చీటీ లేని పావు అక్కడ ఆగి, పక్కవాళ్లు పొమ్మనేదాకా తడుస్తూ ఉండాలి. ఆవిష్కరణ సభకు ఊరి ప్రతినిధిగా ముత్యాలమ్మను పిలిచి, శాలువా కప్పి, మొదటి గుడ్డ ఆమె చేతికిచ్చారు. ఆమె చదువుకోలేదు గానీ బొమ్మలు చూడగలదు. ఆ గడి మీద వేలు పెట్టింది.

"ఇదెవరండీ?"

"ఎవరూ కాదమ్మా, ఉత్త బొమ్మ" అన్నాడు మోహనకృష్ణ.

"మంచం కూడా ఏశారు కదండీ" అంది.

మైకు పనిచేస్తోందో లేదో చూడమని రావుగారు ఎవరికో పురమాయించారు. సభ జయప్రదంగా ముగిసింది.

ఆట ఇప్పుడు బందరులో, గుడివాడలో, బెజవాడలో ఇంటింటా ఉంది. పుట్టినరోజులకు బహుమతిగా ఇస్తున్నారు. మొన్న ఒక లెక్చరరుగారింట్లో చూశాను. చాలా సంస్కారం గల కుటుంబం, అతిథికి కాఫీ ఇవ్వకుండా మాట్లాడరు. పావు మెట్ల గడిలో పడగానే చంటిదాని దగ్గర నుంచి బామ్మగారి దాకా చప్పట్లు కొట్టారు. మొదట్లో పెట్టెలో ఒక నియమాల కాగితం పెట్టేవారు. ఆ గడిలో ఉన్నవాణ్ని ఏం చేయాలో దానిలో వివరంగా ఉండేది. ఈమధ్య ఆ కాగితం మానేశారు. చెప్పకపోయినా మనవాళ్లందరూ సరిగ్గానే ఆడుతున్నారట.