పందుల వ్యాసం, పరారీలో ఉన్న పండితుడు

"నేరస్థుడు ఎంతటి మేధావైనా సరే, ఈ బాస్కమ్ బుర్ర ముందు బోర్లా పడాల్సిందే."

ఇలా తన రాకను తానే ప్రకటించుకుంటూ రిటైర్డ్ ప్రొఫెసర్ లెమ్యూల్ బాస్కమ్ పత్రిక ఆఫీసులో అడుగుపెట్టి, గుమ్మం పక్కనున్న గొడుగుల బుట్ట కాలికి తగిలి తనే బోర్లా పడ్డాడు.

సంపాదకురాలు ఫిలిప్పా ఆయన్ని లేవదీసింది. వెనకాలే వస్తున్న టామ్సిన్‌ని చూసి ఆమె గుండె జారిపోయింది.

మసాచుసెట్స్‌లో తొలినాళ్ల వలసవాళ్లు, పొరుగువాడి పందులు మొక్కజొన్న చేలో పడ్డాయని కోర్టుకెక్కి ఎలా కొట్టుకున్నారో టామ్సిన్ ఒక వ్యాసం రాసింది. అది ఈ చరిత్ర పత్రికలో ఏడాదిగా మగ్గుతోంది. ఏ వ్యాసాన్నైనా ఇద్దరు పండితులు చదివి అభిప్రాయం పంపాలి. రాసిందెవరో వాళ్లకు తెలియకూడదు, చదివిందెవరో రాసినవాళ్లకు తెలియకూడదు. మొదటాయన బాగుందన్నాడు. రెండో ఆయన ఉలకడు, పలకడు. శుక్రవారంలోగా వ్యాసం ఒప్పుకుంటే టామ్సిన్ కాలేజీ ఉద్యోగం ఖాయం. లేకపోతే పెట్టే బేడా సర్దుకోవడమే.

ఆ రెండో ఆయన సాక్షాత్తూ ఈ బాస్కమే. వలసకాలపు పందుల గురించి తెలిసినవాడు ఇంకొకడు దొరకలేదు మరి. ఏదో విందులో చౌడర్ అనే చేపల సూప్ జుర్రుకుంటూ "పంపించు, చదివేస్తా" అన్నాడు. ఆ మాటను చౌడర్‌తో పాటే అరిగించుకున్నాడు. ఆ తర్వాత ఫిలిప్పా పంపిన కవర్లన్నీ చందా కోసమే అనుకుని విప్పనే లేదు.

"బాస్కమ్ గారు మా పక్కింట్లోనే ఉంటారు మేడమ్. నా గోడు విని కేసు తీసుకుంటానన్నారు" అంది టామ్సిన్.

"తీసుకోవడమేంటమ్మాయ్, సగం ఛేదించేశాను" అన్నాడాయన, ఫిలిప్పా తింటున్న డోనట్‌ని భూతద్దంలో పరీక్షిస్తూ.

"ఒక్కసారి ఇలా బయటికి రండి మాస్టారూ" అంది ఫిలిప్పా.

వరండాలోకి రాగానే ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. "పేరు మాత్రం చెప్పకు. చెబితే చాడీ అవుతుంది గానీ పరిశోధన అవదు."

"అది కాదు మాస్టారూ, మీ ఇంట్లో..."

"చందా పోయిన నెలే కట్టాను."

లోపలికొచ్చి ఆయన గది మధ్యలో నిలబడ్డాడు. "నేరస్థుడు బద్ధకస్తుడు, మతిమరుపు మనిషి, పైగా మహా గర్విష్ఠి. పెళ్లాం చేత రోజూ చీవాట్లు తినే రకం."

"ఎంత బాగా పోల్చారు" అంది ఫిలిప్పా మనస్ఫూర్తిగా.

"వాడికి వల పన్నాను. వాడి బదులు దొంగ అభిప్రాయం నేనే రాసి నీకు పంపుతా. అది తెలిసి అసలువాడు 'నేను రాయలేదు మొర్రో' అంటూ పరిగెత్తుకొస్తాడు. అప్పుడు పట్టేస్తాం."

ఫిలిప్పా డోనట్ కింద పెట్టేసింది. "అచ్చం నిజమైనదానిలా ఉండాలి మాస్టారూ. వ్యాసం మొత్తం చదివి రాయండి. గురువారానికల్లా నాకు చేరాలి."

"నచ్చకపోతే తిట్టి మరీ రాస్తా. వల వలే, పాండిత్యం పాండిత్యమే" అన్నాడు. టామ్సిన్ తన దగ్గరున్న వ్యాసం ప్రతిని భయపడుతూనే ఆయన చేతిలో పెట్టింది.

గురువారం అభిప్రాయం వచ్చింది. పందుల మీద ఇంత చక్కటి వ్యాసం తన జన్మలో చదవలేదనీ, ఎవరి పందో తెలిసేలా వాటి చెవులకు పెట్టే గుర్తుల గురించి ఇంకో పేరా కలిపి అచ్చెయ్యమనీ రాశాడు. రాసిందెవరో ఆయనకు తెలిసిపోయిందే అని ఫిలిప్పా మనసు కాసేపు పీకింది. ఎల్లుండికి అదీ మర్చిపోతాడులే అని సమాధానపడి, వ్యాసం ఒప్పుకున్నట్టు కబురు పెట్టింది.

టామ్సిన్ ఫోన్‌లోనే ఏడ్చేసింది. కాసేపటికి తేరుకుని, "మరి అసలాయన ఏమన్నారు మేడమ్?" అనడిగింది.

"ఆయనదీ అక్షరాలా అదే అభిప్రాయం."

మరుసటి వారం పత్రిక మర్యాద ప్రకారం రెండో పండితుడికి కృతజ్ఞతల ఉత్తరం వెళ్లింది. వెంటనే బాస్కమ్ దగ్గర్నుంచి ఫోను. గొంతు గుసగుసగా ఉంది.

"దొరికాడు ఫిలిప్పా. వాడికి రాసిన ఉత్తరం నా అడ్రసుకొచ్చింది."

"ఎట్టకేలకు తెలిసిందన్నమాట" అని ఊపిరి పీల్చుకుంది ఫిలిప్పా.

"తెలియకేం. వాడు మా ఇంట్లోనే మకాం పెట్టాడు. నీ కవర్లన్నీ విప్పకుండా నా బల్ల కిందే దాచాడు. పొద్దుట్నుంచీ మా ఆవిడ మీద కన్నేసి ఉంచాను."

వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది. "ముందు ఆ చెత్తబుట్ట బయట పెట్టి రండి."

ఫిలిప్పా బల్ల మీద చూసింది. వలసకాలపు మేకల గురించి ఒక వ్యాసం, చదివి అభిప్రాయం చెప్పే పండితుడు దొరక్క, ఆర్నెల్లుగా అక్కడే పడుంది.

"మాస్టారూ, వాణ్ని పట్టుకోవాలంటే ఇంకో వల వెయ్యాలి" అంది.