నున్నగా దువ్విన సాక్ష్యం

ప్రాణం ముఖ్యమా, పని ముఖ్యమా అన్న ప్రశ్నను ఆదివారం సాయంత్రం టీవీలో శాశ్వతంగా తేల్చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. లాక్‌డౌన్ కొనసాగాలని ఆరోగ్య మంత్రిగారు, షాపులు తెరవాలని వాణిజ్య మంత్రిగారు వాదిస్తారు. ఇద్దరిదీ ఒకే పార్టీ కనుక ఎవరు గెలిచినా ప్రభుత్వమే గెలుస్తుంది.

మా ఆయనది సెలూన్. మూడు నెలలుగా షట్టర్ దించే ఉంది. చేతులు ఊరుకోక ఇంటిల్లిపాదికీ క్షవరం చేసేశాడు. మా మామగారికి ఇక మిగిలినవి కనుబొమలే. ఈ చర్చ తర్వాత కూడా తెరవనివ్వకపోతే, కత్తెర పక్కన పెట్టి గోడౌన్‌లో మూటలు మోయడానికి వెళ్తానన్నాడు.

శనివారం మా గుమ్మం ముందు పోలీసు జీపు ఆగింది. మా షట్టర్‌కు సీలు వేసిన ఇన్‌స్పెక్టరే దిగాడు.

"కత్తెర తీసుకుని ఎక్కు. రంగు కలిపేదెవరు?"

"మా ఆవిడ సార్. కటింగు చెయ్యకూడదని మీరేగా..."

"నువ్వు నడిచొస్తే ఉల్లంఘన. జీపులో వస్తే అత్యవసర సేవ."

చట్టం ఇంత సులువుగా అర్థమవుతుందని నాకు అంతవరకూ తెలియదు.

గెస్ట్‌హౌస్‌లో మంత్రులిద్దరూ మెడకు తువ్వాళ్లు చుట్టుకుని, పక్కపక్క కుర్చీల్లో రిహార్సల్ వేస్తున్నారు.

"మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం ఉండాలి! ఇంకొంచెం దగ్గరకు రావయ్యా, చెవి పక్కన సరిగ్గా తెగలేదు," అన్నారు ఆరోగ్య మంత్రిగారు.

"చిన్న వ్యాపారులు అల్లాడిపోతున్నారు! మీసానికి కూడా రంగు వెయ్యమ్మా," అన్నారు వాణిజ్య మంత్రిగారు.

మా ఆయన ధైర్యం చేశాడు. "అయ్యా, మరి మా షాపు..."

"నీకోసమే కదయ్యా ఈ చర్చంతా!" అన్నారు ఇద్దరూ ఆవేశంగా. తల కదపొద్దని బతిమాలుకోవాల్సి వచ్చింది.

ఆదివారం సాయంత్రం అందరం టీవీ ముందు చేరాం. వాణిజ్య మంత్రిగారు బల్ల గుద్దారు. "సెలూన్లు తెరవకపోతే జనం ఎలా బతకాలి?"

మా మామగారు చప్పట్లు కొట్టారు.

ఆరోగ్య మంత్రిగారు నెమ్మదిగా తల నిమురుకున్నారు. "మూడు నెలలుగా మూసే ఉన్నాయి. ఏం కొంప మునిగింది? నా తల చూడండి. మీ తలా ఓసారి చూసుకోండి."

వాణిజ్య మంత్రిగారు తడుముకుని చూసుకున్నారు. వాదనలో పస ఉందని హుందాగా ఒప్పుకున్నారు. సెలూన్లు లేకపోయినా నష్టం లేదని ఏకగ్రీవంగా తేలిపోయింది.

మా ఆయన కళ్లార్పకుండా టీవీనే చూస్తున్నాడు.

"చెవుల దగ్గర బాగా కుదిరింది కదే?"

"బాగా కుదిరింది," అన్నాను.

సోమవారం ఆయన గోడౌన్‌కు బయలుదేరుతుంటే జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టర్ దిగాడు. షట్టర్ సీలు భద్రంగానే ఉందని చెప్పాడు. వీధికి ఆ చివరా ఈ చివరా చూసి, టోపీ తీశాడు.