ముప్పదిరెండు చుక్కల మహాసంగ్రామం

అయ్యలారా, అమ్మలారా, చెవులప్పగించి వినుడు! మూడు ఫ్యాన్లలో రెండు అలిగి కూర్చున్న ఎనిమిదవ తరగతి గదియందు, భోజనానంతర నిద్రాసురుడు విద్యార్థిలోక కంఠములను వంచుచున్న ఐదవ పీరియడ్ శుభవేళ, చిల్లర నాణెమంత విశాల రణభూమిపై జరిగిన ఘోర జలసంగ్రామ వృత్తాంతమిది.

ఆ సమరమునకు నాయిక మూడవ బెంచీ బాలిక. తాకిన గ్లాసునెల్ల తలక్రిందులు చేయు హస్తలాఘవముచే ఇంటా బడిలోనా 'ఒలకబోత' అను బిరుదము వహించిన సకల శుష్కవస్తు భయంకరి! గతవారము సైన్స్ టీచర్ హాజరుపట్టీకి రంగునీళ్ళతో నిండుస్నానము చేయించిన నాటినుండి ఆమెకు పరికరములు నిషిద్ధములు. తోటివారు బీకర్లు పట్టి వీరవిహారము చేయుచుండ, తాను పెన్సిల్ పట్టి ఫలితములు రాయవలెను. ఆ అవమానమునకు ఆమె స్నానాలగదిలో కుళాయి విప్పి, ఎవరికీ వినరాకుండ, వెక్కివెక్కి ఏడ్చినది.

అంతట టీచర్ తలకొక నాణెమును, డ్రాపరును పంచుచు పలికెను: "నాణెం మీద ఒక్కో నీటి చుక్కా వేస్తూ లెక్కపెట్టండి, ఒలికేదాకా. ఏమ్మా, ఈసారి నీకూ ఇస్తున్నా. క్లాసులో అందరికంటే తక్కువ నీదే అయిందనుకో, ఏడాదంతా నీకు రాతపనే. తర్వాత నన్నేమీ అనొద్దు."

"అలాగే టీచర్," అని నాయిక నూతిలోనుండి వచ్చినట్టి గొంతుతో భీషణప్రతిజ్ఞ చేసెను.

పక్క బెంచీ క్లాస్ లీడర్, ప్రథమర్యాంకు ధురంధరుడు, ఇస్త్రీచొక్కా విరాజితుడు, తన నాణెమును సబ్బుతో ముమ్మారు తోమి విజయగర్వమున తిరిగివచ్చెను. "మురికుంటే లెక్క తప్పుతుంది. నాకు నలభై గ్యారంటీ. నువ్వు కడగవా?"

"కుళాయి దగ్గరికెళ్తే బట్టలన్నీ తడుపుకుంటాను. నాకెందుకొచ్చిన గొడవ," అని ఆమె నాణెమును చొక్కా అంచుకు తుడిచి బెంచీపై పెట్టెను.

యుద్ధము మొదలాయెను! పదవ చుక్కకు నాణెముపై నీరు ఉబ్బెను. "నీకు దండం పెడతా, పడకు," అని ఆమె జలరాశిని శాసించెను.

పదమూడవ చుక్కకు పక్క బెంచీపై హాహాకారము చెలరేగెను. లీడరు నాణెముపై నీరు జారి ఇస్త్రీచొక్కా మోచేతిని ముంచెత్తెను!

"సబ్బుతో కడిగావా నాయనా?" అని టీచర్ ముసిముసిగా నవ్వెను. "నీళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. సబ్బు తగిలితే ఆ పట్టు సడలిపోతుంది."

నాయిక ఇదేమియు వినలేదు. ఇరువది, ఇరువదియైదు, ముప్పది! అంచుదాటి ఉబికి వణకుచు నిలిచిన ఆ నీటిబుడిపెను చూచుటకు తరగతి యావత్తు బెంచీలెక్కెను. టీచరు సైతము కళ్ళజోడు సవరించుకొనెను. ముప్పదిరెండవ చుక్క దిగెను, నిలిచెను. ముప్పదిమూడవదానికి నీరంతయు బెంచీపై పారెను.

గది చప్పట్లతో మారుమ్రోగెను. పుట్టి బుద్ధెరిగినాక, ఒలకబోసినందుకు ఆమెను మెచ్చుకొనుట అదియే ప్రథమము. పట్టరాని సంతోషముతో ఆమెకు ఏడుపును నవ్వును ఒక్కసారిగ వచ్చినవి.

"వచ్చేవారం బీకర్ నువ్వే పట్టుకో," అనెను టీచర్.

"నిజంగానా టీచర్?"

"నిజంగానే. కాకపోతే రెండు చేతులతో."

ఎల్లరు వినుడు! ఇట్లు ఆ వీరాంగన, చేతిగుడ్డతో తుడిచినంతనే పోవు జలమును రణభూమిపై విడిచి, రెండు చేతులతో బీకరు పట్టుకొను సార్వభౌమాధికారమును సాధించెను.