సగం పని వద్దన్న పద్మనాభయ్య

పాము కనిపిస్తే కర్ర తీసే ధైర్యం తోటపల్లి గూడూరు పద్మనాభయ్యది. డాక్టరు పేరు వింటే మాత్రం ఆయనకు ముచ్చెమటలు పోసేవి.

పొలం గెనిమ గట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకుని ఆర్నెల్లయింది. కట్లు కట్టించినా ఎముక అతకలేదు. మంచం నుంచి అరుగు దాకా, అదీ కర్ర సాయంతో, అంతే ఆయన రాజ్యం. మళ్ళీ ఆ గెనిమ మీద నడవాలని ప్రాణం కొట్టుకునేది. చివరికి భార్య ఆదిశేషమ్మే పట్టుబట్టి మద్రాసు తీసుకుపోయింది.

అక్కడి పెద్ద డాక్టరు ఓపికగా చెప్పాడు.

"తొడ ఎముక కొసన గుండు, నడుము ఎముకలో గిన్నె. గిన్నెలో గుండు తిరిగితేనే నడక. విరిగిన కొత్తలో వచ్చివుంటే మేకు వేసి అతికేవాళ్ళం, ఆ అదను దాటింది. మీ గిన్నె బాగుంది గనక గుండొక్కటే తీసి ఉక్కు గుండు పెడతాం. గిన్నె కూడా అరిగినవాళ్ళకు రెండూ మార్చే పని ఇంగ్లండులో ఈ మధ్యే మొదలైంది. మన దగ్గరికింకా రాలేదు."

ఆ చివరి మాట పద్మనాభయ్య చెవిలో తేనె పోసినట్టయింది.

"మా వంశంలో సగం పని లేదు డాక్టరుగారూ! మారిస్తే రెండూ మార్చాల. అది వచ్చిందాకా ఆగుతా" అని మీసం దువ్వాడు.

ఆదిశేషమ్మ తిరుగు రైలుకు మూట సర్దింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఇదే తొలి గెలుపని ఆయన దారి పొడుగునా మురిసిపోయాడు.

మర్నాడు కంచంలో సద్దన్నం.

"దోసెలేవే?"

"పొత్రం విరిగిందయ్యా. పిండి రుబ్బేదెట్టా?"

"ఇంకోటి చెక్కించు!"

"సగం పని మన వంశంలో లేదుగదా. రోలూ పొత్రం రెండూ ఇంగ్లండు నుంచి వచ్చిందాకా ఆగుతా."

సాయంత్రం లాంతరు చిమ్నీ పగిలింది. లాంతరంతా కొత్తది వచ్చేదాకా చీకటే అంది. చెప్పు వారు తెగింది. కొత్త చెప్పులకు కొత్త కాళ్ళు కూడా రావాలంది!

మూడోనాడు బొమ్మిడాయిల పులుసు పెట్టింది. మసాలా రుబ్బనిదే పులుసేమిటి? చేప ఉప్పునీళ్ళలో ఈదుతున్నట్టుంది. పద్మనాభయ్య కంచం తోసేశాడు.

"ఏమే! రోటి గుంట నిక్షేపంగా ఉంటే రోలు మార్చేదెందుకు? పొత్రం ఒక్కటి మారిస్తే గిర్రున తిరగదా? బుద్ధుండబళ్ళా?"

"ఆ మాటే ఇంకోతూరి చెప్పండి" అంది ఆదిశేషమ్మ నెమ్మదిగా.

చెప్పబోయాడు. చెయ్యి దానంతటదే తుంటి మీదికి పోయింది.

వాకిట్లో అప్పటికే బండి కట్టివుంది. రైలుకు సామాను కూడా ఎక్కించారు. ఆయన్ను ఎక్కించాక పాలేరు చెంగయ్య చక్రం కింద అడ్డం పెట్టిన రాయి తీశాడు. రాయి కాదు, పొత్రం! ఎక్కడా చిన్న పెచ్చు కూడా లేవలేదు.

"ఇది విరగలేదే!"

"విరిగిందల్లా మీ తుంటేగదయ్యా" అంటూ ఆమె ఆయన కాలికింద దిండు సర్దింది.

కోతలనాటికి పద్మనాభయ్య గెనిమ మీద నడుస్తూ ఎదురైనవాళ్ళందరికీ చెప్పేవాడు: "డాక్టరు గుండు మార్చినాడు. నా బుద్ధి మార్చింది మాత్రం మా ఆదిశేషమ్మ."

వెనకనుంచి జవాబొచ్చేది: "అదింకా సగమే అయింది."